నీళ్ళ రంగు

పడవ ఒడ్డు వదలకముందే
థర్మన్ అడిగే మొదటి మాట,
"నీళ్ళు ఏ రంగున్నాయి?"

అలబామాలో, మార్చి నెలలో,
మూడు రోజుల ముసురు వెలిసిన పొద్దున
దానికి జవాబు అంత తేలిక కాదు.
వాగు వచ్చి కలిసే మూలన ఇటుక పొడి.
వంతెన దాటాక నిన్న కాచి మరిచిపోయిన టీ.
ఆనకట్ట వైపు, వాన ఇంకా చేరని ఆకుపచ్చ.
టైర్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి
నేరుగా వచ్చినదాన్ని,
నాకు అన్నీ నీళ్ళలాగే ఉన్నాయి.
కాసేపు నీళ్ళు నమిలి
"ఎర్రగా" అన్నాను.

"ఎంత ఎరుపు?"

తెల్లటి జిగ్ ఒకటి నాచేత దారానికి కట్టించి
పడవ అంచు మీంచి మెల్లగా దింపాడు.
"కనబడకుండా పోయిన చోట ఆపమను."
జానెడు దిగిందో లేదో ఆపమన్నాను.
తడిసిన దారాన్ని బొటనవేలితో కొలుచుకుని
నవ్వాడు.
"నాకైతే నీళ్ళు తాకకముందే పోయింది."

రెండేళ్ళుగా ముడులన్నీ నాచేత వేయిస్తున్నది
కీళ్ళ నొప్పులవల్ల కాదన్నమాట.
ఏమనాలో తెలియక
మోటారు దగ్గర లేని పని కల్పించుకున్నాను.

ఆయన మాత్రం పాఠం ఆపలేదు.
బురదలో బాస్ చేప కళ్ళు మూసుకోదు,
మూయడానికి రెప్పలేవీ?
కళ్ళను నమ్మడం మానేస్తుంది, అంతే.
మొప్ప దగ్గర మొదలై తోక దాకా
ఒంటి పొడవునా ఒక గీత ఉంటుంది,
నీటి అదురును అది తడిమి తెలుసుకుంటుంది.
దానికి రంగుల కబుర్లు చెప్పకు, చప్పుడు చెయ్యి.
గుండ్రటి రేకున్న స్పిన్నర్ తియ్యి.
సన్న రేకుది ఎండలో తళుకులకి తప్ప ఎందుకూ కొరగాదు,
గుండ్రటిది పక్కింటి తలుపు
గుప్పిటతో బాదినట్టు బాదుతుంది.

నేను వెతికేలోపే ఆయన వేళ్ళు
మూడో అర, ఎడమ మూల,
కొక్కెం గుచ్చుకోకుండా
దాన్ని పట్టుకుని లేచాయి.

తొమ్మిదింటికి గాలి లేచింది.
ఎదురుగాలిలో ఎవరైనా చాటుకు పోతారు,
ఈయన గాలి కొట్టే ఒడ్డుకే పదమన్నాడు.
నీరు పల్లమెరుగు.
చిరుచేప గాలివాటెరుగు.
దాని వెనకే వచ్చేదాన్ని థర్మన్ ఎరుగు.
మునిగిన దుంగకు స్పిన్నర్‌ను
కావాలనే తగిలించి, ఒక్క క్షణం పడనిచ్చి,
మళ్ళీ లాగాడు.

నేను చూస్తుండగా దారం కదల్లేదు.
ఆయన మణికట్టు కదిలింది.

రెండు కిలోలకు ఏమాత్రం తగ్గదు.
కింది పెదవి పట్టి ఎత్తి
తలనుంచి తోకదాకా ఆ గీత మీద
బొటనవేలు ఒకసారి నడిపించి
నీళ్ళలోకి వదిలేశాడు.
దాని రంగు నన్ను అడగలేదు.

ఏప్రిల్‌లో మరో రోజు చెప్పాలి.
రాత్రికి రాత్రి చలిగాలి తిరిగి
ఆకాశం గట్టిపడి, నీలంగా,
సరస్సు తుడిచిన అద్దంలా ఉంది.
"తేట" అన్నాను, ఈసారి తడుముకోకుండా.
ఆయన మొహం ముడుచుకుంది.

వెంట్రుకంత దారం.
వేలెడు రబ్బరు పాము, నాచు రంగుది.
దింపి, ఇరవై దాకా లెక్కపెట్టి, కదపకు.
కదిపినట్టు కాదు,
కదపబోయి మానుకున్నట్టు ఉండాలి.

నాలుగు గంటలు మానుకున్నాం.
శాండ్‌విచ్‌లు అయిపోయాయి.
ఒడ్డున ఎవరిదో కుక్క మమ్మల్ని చూసి
మొరిగి మొరిగి విసుగెత్తి పోయింది.

రెండు నిలువుల లోతున
పాతకాలపు కంచె గుంజ ఒకటి కనిపించింది నాకు,
దాని నీడలో ఐదు చేపలు,
ముక్కులన్నీ ఒకే దిక్కుకు.
పాము వాటి ముందే పడి ఉంది.
ఒక్కటీ ముట్టలేదు.

గొంతు తగ్గించి ఆయనకు చెప్పాను.

థర్మన్ టోపీ తీసి, నొక్కి,
మళ్ళీ సరిగ్గా పెట్టుకున్నాడు.
"అయితే అవీ మనల్ని చూస్తూనే ఉంటాయి.
కదలకుండా కూర్చో."